తాత దాగలిని తూకానికి వేసేముందు

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో ఏ పాత వూరికి పోయినా, కమ్మరి కొలిమి ఎక్కడుండేదో చెప్పే పెద్దవాళ్ళు ఇంకా వున్నారు. కొలిమి మాత్రం వుండదు. చెట్టు కింద నల్లబడిన నేల, గోడవార మొద్దులో సగం దిగబడిన దాగలి, చూరులో దోపిన పట్టుకార్లు, ఎలుకలు కొరికిన తోలు తిత్తి, మిగిలింది ఇంతే. ఆ ఇంటి కొడుకులు బెజవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదులోనో బతుకుతెరువు చూసుకున్నారు. పాత ఇనుము కొనే బండివాడు వస్తాడు, దాగలిని కాలితో తట్టి చూస్తాడు, కిలోకింత అంటాడు. ఇల్లు ఇరుకు, చేతిలో డబ్బు లేదు. బండి ఎక్కిస్తారు. నాలుగు తరాలు దెబ్బలు తిన్న ఇనుము ఒక్క తూకంతో వూరు దాటిపోతుంది.

దీనికి ఎదురు నడిచే కుర్రవాళ్ళు కూడా కొద్దిమంది బయలుదేరారు. చదువుకున్నవాళ్ళు, ఏదో ఉద్యోగమో వెల్డింగు పనో చేసుకునేవాళ్ళు. ఫోనులో ఎక్కడో ఎవరో ఇనుము కాల్చి కొట్టడం చూసి, మా తాత సామాను కూడా వుంది గదా అని బయటికి లాగి, తుప్పు గీకి, సెలవు రోజున కొలిమి రాజేద్దామని వాళ్ళ ఉబలాటం. దీన్ని చూసి మనలో కొందరు మిత్రులు నవ్వుతారు. కూలి గిట్టక జనం అల్లాడుతుంటే కొలిమి సరదాలేమిటని అడుగుతారు. ఆ నవ్వు సరైంది కాదని నా వాదన. సరదాకైనా సరే, ఆ నిప్పు మళ్ళీ రాజుకోవాలి. అయితే రాజుకున్న నిప్పు ఎవరి పలుగు కాలుస్తుంది, ఎవరి కొడవలికి పదును పెడుతుంది అన్న ప్రశ్న మనం వదలకూడదు.

ఎందుకంటే ఆ దాగలి పేరుకు ఒక ఇంటి ఆస్తి గానీ, నిజానికి ఒక్క ఇంటి కష్టం కాదు. తిత్తికి తోలు ఎక్కడి నుంచి వచ్చింది? మాదిగ గూడెం నుంచి. చచ్చిన పశువును వొలిచి, లందలో వూనిన తోలు అది. ఆ తోలు లేకపోతే కొలిమికి వూపిరే లేదు. బొగ్గు కాల్చి తెచ్చింది పేదవాళ్ళు. తిత్తి వూదింది ఎక్కువగా కమ్మరి భార్య, ఆయన పిల్లలు. సమ్మెట ఎత్తింది ఎవరు? కర్రు సరిచేయించుకోడానికి వచ్చిన పాలేరే చాలాసార్లు సమ్మెట పట్టుకునేవాడు. కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో చూపితే, పాలేరు పెద్ద దెబ్బ అక్కడ వేసేవాడు. తోలు ఇచ్చిన గూడెం మనిషి మాత్రం పందిరి బయటే నిలబడి, తన కొడవలి తిరిగి వచ్చేదాకా కాచుకోవలసి వచ్చేది. కాబట్టి వారసత్వం అన్న మాట వాడేటప్పుడు, ఈ వారసుల నందరినీ లెక్కలోకి తీసుకోవాలి.

పాత కాలం మీద మనకు మోజు అక్కర్లేదు. కమ్మరికి కూలి డబ్బు రూపంలో వచ్చేది కాదు. పంట నూర్చిన కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. పంట పండితే ఇన్ని కుంచాలు, ఎండితే దణ్ణం. ఏడాది పొడుగునా కర్రుకు మొన తీసి, గొర్రు పళ్ళు సాగదీసి, బండి చక్రానికి పట్టా ఎక్కించిన మనిషి, చివరికి ఆసామి దయ కోసం చేట పట్టుకుని కళ్ళం అంచున నిలబడేవాడు. జగ్గయ్యపేట పొలిమేర దాటితే నైజాం రాజ్యం. అక్కడ దొరల సేద్యానికి ఆ మేర కూడా లేదు. సుందరయ్యగారు 1972లో వెలువడిన తెలంగాణ పోరాట గ్రంథంలో వెట్టిని వివరిస్తూ, వడ్రంగులు, కమ్మరులు దొరల సేద్యానికి పనిముట్లు వూరకే చేసిపెట్టవలసి వచ్చిన సంగతి రాశారు. అప్పట్లో మన నందిగామ తాలూకాలోనే, చుట్టూ నైజాం గ్రామాల నడుమ వుండిన మునగాల పరగణాలో, 1930లలో రైతులు జమీందారు వెట్టి మీద తిరగబడ్డారు. కొలిమి చుట్టూ ఇంత దోపిడీ వుంది. దాన్ని మళ్ళీ రాజేసేవాడు మేరను, వెట్టిని కూడా తిరిగి తెస్తానంటే వాడికి ఎవరూ బొగ్గు ఇవ్వరు.

అయినా ఆ చేతుల్లో వున్న విద్య తక్కువది కాదు. 1795లో కంపెనీ కొలువులోని వైద్యుడు బెంజమిన్ హైన్ నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుము తీసే బట్టీలు చూసి, ఆ వివరం రాసిపెట్టాడు. కరువుకు ముందు ఆ ఒక్క వూళ్ళోనే నలభై బట్టీలు వుండేవని, తాను చూసేనాటికి మిగిలినవాళ్ళు నిరుపేదలై దీనస్థితిలో వున్నారని ఆయన రాశాడు. ఆ రాతను ధరంపాల్ 1971లో తన సంకలనంలో మళ్ళీ అచ్చు వేశాడు. అటు నిజామాబాదు వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి కూర్చునేవారు. అదీ మన తెలుగు కమ్మరి పనే. తర్వాత ఏమైంది? ఇంగ్లండు నుంచి ఓడల్లో చవక ఇనుము దిగింది. 1882 మద్రాసు అడవి చట్టం వచ్చాక అడవిలో బొగ్గు కాల్చడమే నేరంలా తయారైంది. రాయి కరిగించి ఇనుము తీసే బట్టీ ఆరిపోయింది. కొన్న ఇనుమును కాల్చి పనిముట్టు చేసే కొలిమి ఒక్కటే వూరికి మిగిలింది. ఈనాడు మనం తుప్పు గీకుతున్నది ఆ మిగిలినదాన్నే.

అది కూడా మన కళ్ళ ముందే ఆరింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మన మెట్టకు చేరాక సేద్యం తీరు మారింది. ట్రాక్టరు వచ్చింది, కర్రు పోయింది. బండికి రబ్బరు చక్రం వచ్చింది, ఇనుప పట్టా పోయింది. గొర్రు పళ్ళు విరిగితే హైవే పక్కన వెల్డింగు షాపువాడు అతికిస్తున్నాడు. వరి కోతకు యంత్రం దిగింది. ఇదంతా నష్టమని నేననను. ఎద్దు వెనక ఎండలో నడిచినవాడికి ట్రాక్టరు విలువ తెలుసు. కానీ ఈ మార్పులో ఒక సంగతి ఎవరూ పట్టించుకోకుండా జరిగిపోయింది. దాన్ని గురించే ముఖ్యంగా చెప్పదలిచాను.

మేర వున్న రోజుల్లో సేద్యపు పనిముట్ల పదును ఖర్చు, ఎంత తక్కువైనా, ఆసామి కళ్ళం నుంచి పోయేది. మేర పోయింది, కమ్మరి పోయాడు, ఆ ఖర్చు మాత్రం పోలేదు. అది కూలివాడి నెత్తిన పడింది. ఇప్పుడు పనికి పిలిచేవాడు ఏమంటున్నాడు? పలుగు నువ్వే తెచ్చుకో, పార నువ్వే తెచ్చుకో, గొడ్డలి నీదే అంటున్నాడు. ఉపాధి హామీ పనిలో ఇదే జరిగింది. 2005 చట్టం కింద మండుటెండలో గట్టి నేల తవ్వినవాళ్ళు గడ్డపార, తట్ట ఇంటి నుంచే మోసుకుపోయారు. గడ్డపార పదునుకు, తట్టకు, మంచినీళ్ళకు డబ్బు ఇవ్వాలని వూరూరా అడగవలసి వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి ఆమోదించింది. చట్టం పేరు మారితే నేల మెత్తబడుతుందా? మొన పోయిన గడ్డపారతో కొలత పూర్తి కాదు. కొలత పూర్తి కాకపోతే కూలి తగ్గుతుంది. అంటే పదును లేని పనిముట్టు కూలిని రెండుసార్లు కోస్తుంది: పదును పెట్టించుకుంటే ఒక కోత, పెట్టించుకోకపోతే అంతకన్నా పెద్ద కోత.

సుబాబుల్ సంగతి చూడండి. నందిగామ, చందర్లపాడు, కంచికచర్ల, జగ్గయ్యపేట ప్రాంతాల్లో ఆసాములు సుబాబుల్ వేసి కాగితపు మిల్లులకు అమ్ముకుంటున్నారు. ఆ చెట్టు కొట్టేది, కొమ్మ నరికేది, తోలు తీసేది కూలీ జట్లే. టన్నుకింత అని ఒప్పందం. గొడ్డలి మొండిదైతే జట్టు మొత్తం వెనకబడుతుంది. బజారులో దొరికే గొడ్డలి చూడ్డానికి నున్నగా, రంగు పూసి వుంటుంది. కొన్నింటికి నీళ్ళు సరిగా పట్టించరు, నాలుగు రోజులకే అంచు ముడుచుకుపోతుంది. మరికొన్ని మరీ పెళుసు, గట్టి కణుపు తగిలితే పెచ్చు లేస్తుంది. సానచక్రం మీద పట్టుకుని నిప్పురవ్వలు లేపితే పదును వచ్చినట్టే వుంటుంది గానీ, ఆ వేడికి అంచులోని గట్టిదనం చచ్చిపోతుంది. మళ్ళీ కాల్చి, సాగదీసి, నీళ్ళు పట్టించే మనిషి కావాలి. ఆ మనిషి వూళ్ళో లేడు. ఎక్కడో రోడ్డు పక్కన డేరా వేసుకున్న ఉత్తరాది కమ్మరులు కనిపిస్తే అదృష్టం. వాళ్ళూ మనలాంటి కష్టజీవులే. వాళ్ళు రేపు వుంటారో, మరో వూరు పోతారో చెప్పలేం.

అందుకే తాత దాగలి బయటికి తీసే కుర్రవాణ్ణి చూసి నవ్వొద్దంటున్నాను. అతనికి నాలుగు మాటలు చెప్పి, పక్కన నిలబడండి.

మొదటి మాట, తుప్పు చూసి భయపడొద్దు. పైపొర తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, కిరోసిను గానీ డీజిలు గానీ పూసి నానబెట్టి తుడిస్తే చాలు. దాగలి ముఖం అక్కడక్కడ గుంటలు పడిందని గ్రైండరు పెట్టి నున్నగా కోసేస్తారు కొందరు. అది తప్పు. గట్టి పొర పైనే వుంటుంది, దాన్ని అరగదీస్తే మిగిలేది మెత్తటి ఇనుము. అంతకన్నా పెద్ద తప్పు, బాగుచేస్తామని దాగలినే నిప్పులో కాల్చడం. చిన్న బేరింగు గుండును పైనుంచి వదిలి చూడండి. బాగా ఎగిరితే దాగలి బతికే వుంది. గుండు ఎగరకుండా బద్దకంగా పడిపోయి, మోత బొంగురుగా వస్తే, లోపల పగులుందేమో, ముఖం మెత్తబడిందేమో చూసుకోవాలి.

మన పాత దాగలికి సినిమాల్లో కనిపించే కొమ్ము వుండదు. అది మొద్దులో దిగేసిన దిమ్మ. కమ్మరి నేల మీద గొంతుక్కూర్చుని పనిచేసేవాడు. ఆ కూర్చోవడం వల్ల మోకాళ్ళు, నడుము ఎలా అరిగిపోయేవో కమ్మరి ఇళ్ళలో అడగండి. అదే సంప్రదాయమని పట్టుకు వేళ్ళాడక్కర్లేదు. చేవగల తుమ్మ మొద్దు నిలబెట్టి, మనిషి నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడికిలి తగిలే ఎత్తులో దాగలి ముఖం వుండేట్టు పాతుకోండి. నడుము బతుకుతుంది.

తోలు తిత్తి గట్టిగా ఎండిపోయి వుంటే ఆముదం పట్టించి, రోజుల తరబడి మెత్తబరచాలి. పగుళ్ళు మరీ ఎక్కువైతే మొండిపట్టు అనవసరం. చేత్తో తిప్పే చక్రం గాలిమర గానీ, చిన్న కరెంటు బ్లోయరు గానీ పెట్టుకోవచ్చు. ఆ పాత తిత్తిని మాత్రం పారెయ్యొద్దు, వూళ్ళో పిల్లలకు చూపించడానికైనా వుంచండి. బొగ్గుకు మన దగ్గర కరువు లేదు. సర్కారు తుమ్మ, సుబాబుల్ ముక్కలు కాల్చినా బొగ్గే. సమ్మెట తల అంచులు పుట్టగొడుగులా విచ్చుకుని వుంటే ముందు వాటిని అరగదీయాలి. లేకపోతే దెబ్బకు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది. కమ్మరి కన్ను పోయిందన్న మాట మనకు కొత్త కాదు. కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకోకుండా సుత్తి ఎత్తొద్దు. నూలు బట్టలే కట్టుకోవాలి, నైలాను బట్ట రవ్వ తగిలితే కరిగి వొంటికి అతుక్కుపోతుంది. తెల్ల పూత వున్న నీళ్ళ పైపు ముక్కలు కొలిమిలో పెట్టకూడదు. ఆ జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

ఇక ఇనుము. ఇంటి స్లాబుకు వాడే చువ్వతో కత్తి చేస్తామంటారు, అది వంగుతుంది గానీ పదును నిలవదు. లారీ కమాను పట్టీ ముక్క కావాలి. అందులో కర్బనం నూటికి సుమారు అర పాలు వుంటుంది, నీళ్ళు పట్టేది అదే. సిమెంటు లారీలు తిరిగే జగ్గయ్యపేటలో విరిగిన కమానుకు కొదవేముంది? ఎర్రగా కాలిన ముక్కను అయస్కాంతానికి చూపించండి. సుమారు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతం దాన్ని పట్టుకోదు. అక్కడి నుంచి ఇంకాస్త కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. అలాగే వాడితే పెళుసుగా విరుగుతుంది. అందుకని మెరిసేట్టు రుద్ది, మళ్ళీ సన్నటి సెగ చూపి, గడ్డిరంగు తిరిగేదాకా వుంచాలి. గొడ్డలికైతే ఆ రంగు వూదా, నీలం వైపు పోయినా మంచిదే. తాతలు ఈ రంగులన్నీ చీకటి పందిరిలో కంటితోనే చూసి చెప్పేవారు. పందిరి చీకటిగా వుంచడంలో మర్మం అదే, ఎండలో ఎరుపు తెలియదు. ఈ తాతల్లో బతికివున్నవాళ్ళు చేతికర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుని వున్నారు. దాగలి కన్నా ముందు వాళ్ళను బయటికి తీసుకురావాలి.

సరదాగా మొదలైనది ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ. అమెరికాలో కూడా కార్లు, ట్రాక్టర్లు వచ్చి వూరి కమ్మరిని తుడిచిపెట్టాయి. 1973లో జార్జియా రాష్ట్రంలోని లంప్‌కిన్ అనే చిన్న వూళ్ళో కొద్దిమంది కమ్మరులు, ఇష్టం కొద్దీ నేర్చుకునేవాళ్ళు కలుసుకుని ఒక సంఘం పెట్టుకున్నారు. అది ఈనాటికీ నడుస్తున్నది. పాత దాగళ్ళు వెతికి, బాగుచేసి, ఒకరికొకరు నేర్పుకున్నారు. కమ్మరి ఇంట పుట్టనివాళ్ళు, ఆడవాళ్ళు కూడా సుత్తి పట్టారు. మంచిదే. అయితే అక్కడ ఎక్కువగా తయారయ్యేది తోట గేట్లు, అలంకారాలు, గోడకు తగిలించే కత్తులు. మన కుర్రవాళ్ళు కూడా ఆ వీడియోలే చూసి, మొదటి రోజే కత్తి చేసి ఫొటో తీసుకుందామంటారు. చేసుకోనివ్వండి. రెండో రోజు పక్కింటి కూలీ అక్క దోకుడుపార ఇచ్చి బాగుచెయ్యమనాలి. కత్తికన్నా దోకుడుపార కష్టం. ఆమె తెల్లారి చేలో దాన్ని వాడి, సాయంత్రం వచ్చి అసలు మాట చెప్తుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటే, పథకాలు వచ్చాయి. రాష్ట్రంలో 2018లో ఆదరణ రెండో విడత పేరుతో కులవృత్తులవారికి పనిముట్లు పంచారు. కేంద్రం 2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, తర్వాత లక్ష, రెండు లక్షల అప్పు 5 శాతం వడ్డీకి అని ప్రకటించారు. అర్హత వున్నవాళ్ళు ఆ డబ్బు తెచ్చుకోవలసిందే, అది ఎవరి జేబులోదీ కాదు. కానీ ఈ పథకం రెండు ప్రశ్నలకు జవాబు చెప్పదు. పనిముట్లు ఇచ్చి, అప్పు ఇచ్చి, పని ఎవరిస్తారు? పెద్ద కంపెనీ పార బజారులో వుండగా కమ్మరి పార ఎవరు కొంటారు? ఇక రెండోది. కుటుంబ సంప్రదాయంగా వస్తున్న వృత్తి అన్న గీత గీసినప్పుడు, గూడెంలో పుట్టిన కుర్రవాడికి కమ్మరం నేర్చుకోవాలని బుద్ధి పుడితే అతనెక్కడికి పోవాలి? తోలు ఇచ్చి బయట నిలబడ్డవాడి మనవణ్ణి మళ్ళీ బయటే నిలబెట్టే పద్ధతిని మనం ఒప్పుకోలేం.

కనక సంఘాలు చేయదగిన పని ఒకటుంది, దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. వూళ్ళో ఏ ఇంట దాగలి వుందో, ఏ ఇంట పట్టుకార్లు వున్నాయో కార్యకర్తలు కనుక్కోవాలి. బండివాడికి అమ్మేముందు మాకొక మాట చెప్పండని ఆ ఇంటివారిని అడగాలి. సామాను వారిదే, హక్కు వారిదే, లాక్కునేది ఏమీ లేదు. అమ్మక తప్పని స్థితి వుంటే తూకం ధర ఇచ్చి సంఘమే కొనుక్కోవచ్చు. పంచాయతీని అడిగి నీడ వున్న చోట చిన్న రేకుల పాక వేయించుకోవచ్చు. గడ్డివాములకు, ఇళ్ళకు దూరంగా వుండేట్టు మాత్రం చూసుకోవాలి. సరదాపడే కుర్రవాడు వారంలో ఆరు రోజులు తనకు నచ్చింది చేసుకోనీ, ఒక్క రోజు కూలీల పనిముట్లకు కేటాయించాలి. ఆ రోజు సమ్మెట పట్టుకోవడానికి కులం అడ్డు వుండకూడదు, ఆడపిల్ల అయినా అడ్డు చెప్పకూడదు. తిత్తి వూదిన అమ్మమ్మ మనవరాలికి సుత్తి పట్టే హక్కు లేదా?

అతని చేత వూరకే చేయించుకోవడం మాత్రం కూడదు. అలా చేయించుకుంటే అదీ వెట్టే అవుతుంది. బొగ్గు ఖర్చు, చేతి కూలి లెక్కగట్టి ఇవ్వాలి. ఆ డబ్బు చివరికి ఎవరు పెట్టుకోవాలన్నది మరో లెక్క. సుబాబుల్ నరికించే కాంట్రాక్టరుతో టన్ను రేటు మాట్లాడేటప్పుడే గొడ్డలి పదును ఖర్చు విడిగా అడగాలి. ప్రభుత్వ పనిలో గడ్డపార పదును పైకం మస్టరులో విడిగా కనిపించాలి. వేసవి తవ్వకాలు మొదలయ్యేలోపు, పలుగుకు ఎంత, గొడ్డలికి ఎంత, కక్కు కొడవలికి ఎంత అన్నది వూరి కూలీల సభలోనే, దాగలి దగ్గర పనిచేసే మనిషిని కూడా కూర్చోబెట్టుకుని తేల్చుకుంటే, కాంట్రాక్టరు ముందుకు పోయేసరికి మన చేతిలో ఒక లెక్క వుంటుంది.